‘బర్త్ ఆఫ్ ది కూల్’: 1957 ఆల్బమా, 1949 పాటలా? ఎలా వినాలి, ఏది కొనాలి?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇది. అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘బర్త్ ఆఫ్ ది కూల్’ 1957లో వచ్చిందని అన్నిచోట్లా రాశారు, కానీ లోపల పాటల పక్కన 1949, 1950 అని తేదీలున్నాయి. ఇది ఆల్బమా, పాత పాటల సంకలనమా? రెండోది, రెండుసార్లు విన్నారు, చల్లగా సాగిపోయింది తప్ప జాజ్ చరిత్రని మార్చేంత విషయం ఏముందో అర్థం కాలేదు, ఏ ఎడిషన్ కొని ఎలా వినాలి?

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. ఇది సంకలనం. మూడు వేర్వేరు రోజుల్లో స్టూడియోలో వాయించిన ముక్కల్ని ఏడెనిమిదేళ్ళ తర్వాత కంపెనీవాళ్ళు ఒకచోట చేర్చి, పేరు పెట్టి అమ్మారు. మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. దీన్ని ఒకేసారి కూర్చుని చేసిన ఆల్బమ్ అనుకుని వింటే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. నాకూ మొదట్లో అలాగే వినిపించాయి. విడదీసి వింటే గానీ లోపల ఏం జరుగుతోందో తెలియదు.

కథ గిల్ ఎవాన్స్ గదిలో మొదలవుతుంది. న్యూయార్క్‌లో 55వ వీధిలో, ఒక చైనా లాండ్రీ వెనకాల, నేలమాళిగలో అద్దెగది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేదట. ఛార్లీ పార్కర్ దగ్గర్నుంచి జెర్రీ మల్లిగన్, జాన్ లూయిస్, జార్జ్ రస్సెల్, జాన్ కరీసీ దాకా సంగీతకారులు ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. మన దగ్గర కొందరి ఇంటి అరుగు సాహిత్యసభలా ఉండేది చూడండి, అలాంటిది. ఎవాన్స్ అప్పటికి క్లాడ్ థార్న్‌హిల్ ఆర్కెస్ట్రాకి అరేంజ్‌మెంట్లు, అంటే ఒక పాటలో ఏ వాద్యం ఎప్పుడు ఏం వాయించాలన్న ఏర్పాటు, రాస్తుండేవాడు. ఆ ఆర్కెస్ట్రాలో మామూలు ట్రంపెట్లు, శాక్సోఫోన్లతో పాటు ఫ్రెంచ్ హార్న్‌లు, ట్యూబా కూడా ఉండేవి. స్వరాన్ని వణికించకుండా, నిటారుగా పట్టుకుని వాయించేవాళ్ళు. నాట్యానికి కట్టిన డ్యాన్స్ బ్యాండే, కానీ ఆ నాదం మరీ మెత్తన.

ఈ గదిలో వీళ్ళు వేసుకున్న ప్రశ్న ఒక్కటే. థార్న్‌హిల్ ఆర్కెస్ట్రా రంగులన్నీ రావాలంటే కనీసం ఎన్ని వాద్యాలు కావాలి? లెక్క తొమ్మిది దగ్గర తేలింది. ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబా, ఆల్టో శాక్సోఫోన్, బారిటోన్ శాక్సోఫోన్, వెనక పియానో, బాస్, డ్రమ్స్. టెనర్ శాక్సోఫోన్ లేదు చూశారా! ఆ రోజుల్లో టెనర్ లేని జాజ్ బ్యాండంటే పప్పు లేని విస్తరి. కావాలనే వదిలేశారు. పైన ట్రంపెట్, ఆల్టో. మధ్యలో ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్. అడుగున బారిటోన్, ట్యూబా. మూడు జంటలు, మూడు అంతస్తులు. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి, వినేటప్పుడు దీనితోనే పని.

మరి ఆల్బమ్ మీద ఒక్క మైల్స్ పేరే ఎందుకుంది? ఇది చాలామంది అడుగుతారు. మొత్తం 12 ముక్కల్లో అరేంజ్‌మెంట్లు మల్లిగన్‌వి 6, జాన్ లూయిస్‌వి 3, ఎవాన్స్‌వి 2, కరీసీది 1. మైల్స్ అరేంజ్ చేసింది ఒక్కటీ లేదు. అయితే రిహార్సల్ హాళ్ళు అద్దెకి తీసుకున్నది, ఫోన్లు చేసి అందరినీ పోగేసింది, క్లబ్‌లో అవకాశం సంపాదించింది ఆయనే. గదిలో కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు ఎందరైనా దొరుకుతారు, పెళ్ళి జరిపించేవాడు ఒకడు కావాలి. అప్పటికి ఆయన వయసు 22. బారిటోన్ వాయించిన మల్లిగన్, ఆల్టో వాయించిన లీ కోనిట్జ్ ఇంకో ఏడాది చిన్నవాళ్ళు. గదిలో పెద్దాయన ఎవాన్స్‌కి 36.

1948 సెప్టెంబరులో రాయల్ రూస్ట్ అనే క్లబ్‌లో ఈ తొమ్మిదిమందికి రెండు వారాలు దొరికాయి. అసలు ఆకర్షణ కౌంట్ బేసీ బ్యాండు, వీళ్ళు మధ్యలో వాయించేవాళ్ళు. బయట బోర్డు మీద అరేంజర్ల పేర్లు రాయించాడు మైల్స్. అప్పట్లో అది కనీవినీ ఎరగని పని. ట్రాంబోన్ మీద మైక్ జ్వెరిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు. జనం పెద్దగా పట్టించుకోలేదు. కానీ వినాల్సినవాడు ఒకడు విన్నాడు. క్యాపిటల్ రికార్డ్స్‌కి పనిచేస్తున్న పీట్ రుగోలో 12 పాటలకి ఒప్పందం కుదిర్చాడు.

వెంటనే రికార్డు చేద్దామంటే 1948 అంతా స్టూడియోలకి తాళాలు. రికార్డులు, రేడియోల వల్ల ఎదురుగా కూర్చుని వాయించేవాళ్ళ పొట్ట కొడుతున్నారని అమెరికా వాద్యకారుల సంఘం జనవరి 1 నుంచి రికార్డింగ్ నిషేధం పెట్టింది. డిసెంబరు మధ్యలో గానీ ఎత్తెయ్యలేదు. ఈ బృందం ఊపు మీద ఉన్న నెలల్లో చేసిన స్టూడియో రికార్డు ఒక్కటీ లేకపోవడానికి కారణం ఇదే. రాయల్ రూస్ట్ నుంచి రేడియోలో ప్రసారమైన కొన్ని ముక్కలు మాత్రం మిగిలాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఇక మూడు రోజులు. 1949 జనవరి 21న మొదటి సెషన్, ‘మూవ్’, ‘జెరు’, ‘గాడ్‌చైల్డ్’, ‘బూడో’. 1949 ఏప్రిల్ 22న రెండోది, ‘వీనస్ డి మైలో’, ‘రూజ్’, ‘బాప్లిసిటీ’, ‘ఇజ్రాయెల్’. ఆ తర్వాత దాదాపు పదకొండు నెలల విరామం. 1950 మార్చి 9న మూడోది, ‘డిసెప్షన్’, ‘రాకర్’, ‘మూన్ డ్రీమ్స్’, ‘డార్న్ దట్ డ్రీమ్’.

మూడు రోజులూ ఒకే తొమ్మిదిమంది అనుకుంటారు. కాదు. మూడింట్లోనూ ఉన్నది నలుగురే: మైల్స్, కోనిట్జ్, మల్లిగన్, ట్యూబా వాయించిన బిల్ బార్బర్. ఫ్రెంచ్ హార్న్ మీద మూడుసార్లకీ ముగ్గురు, బాస్ మీదా ముగ్గురే. పియానో మొదటిరోజు ఆల్ హేగ్, తర్వాత రెండుసార్లూ జాన్ లూయిస్. ట్రాంబోన్ మొదట కై విండింగ్, తర్వాత జె.జె. జాన్సన్. డ్రమ్స్ మొదటిదానికీ చివరిదానికీ మాక్స్ రోచ్, నడుమ కెన్నీ క్లార్క్. ఒక ట్యూబా వాద్యకారుడు మూడు సెషన్లకీ స్థిరంగా ఉండి, డ్రమ్మర్లు మారిన జాజ్ రికార్డు ఇంకోటి ఉందేమో, మీకు తెలిస్తే చెప్పండి, కొంటాను.

ఇవి మొదట వచ్చింది 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీద, 1949-50లో, పక్కకి ఒకటి చొప్పున నాలుగు ప్లేట్లు. అంటే ఎనిమిది పాటలు. మిగిలిన నాలుగు, ‘రూజ్’, ‘మూన్ డ్రీమ్స్’, ‘రాకర్’, ‘డిసెప్షన్’, అటక మీదే ఉండిపోయాయి. 78 ప్లేటు అంటే మూడు నిమిషాల సంగతి. మన నాటక పద్యాల ప్లేట్లు మీ తాతగారి ఇంట్లో ఉంటే తెలిసే ఉంటుంది, స్టేజీ మీద పావుగంట సాగే రాగాన్ని ప్లేటు మీద మూడు నిమిషాలకి కుదించేవాళ్ళు. ఇక్కడా అదే ఇబ్బంది. అయితే వీళ్ళ విషయంలో ఆ ఇబ్బందే మేలు చేసిందని నా నమ్మకం. మూడు నిమిషాల్లో ఎనిమిదేసి ఆవర్తాల సోలోలు కుదరవు. సోలో ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, వెనక మిగతావాళ్ళు ఏ స్వరం పట్టాలి అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. అందుకే రాసిన సంగీతానికీ అప్పటికప్పుడు పుట్టించిన దానికీ అతుకు కనపడదు.

1954లో క్యాపిటల్ వీటిలో ఎనిమిదింటిని పది అంగుళాల ఎల్పీ మీద ‘క్లాసిక్స్ ఇన్ జాజ్’ వరసలో వేసింది. అటక మీద ఉన్న నాలుగూ అప్పుడు బయటికొచ్చాయి. 1957లో పన్నెండు అంగుళాల ఎల్పీ మీద 11 పాటలతో ‘బర్త్ ఆఫ్ ది కూల్’ వచ్చింది. పన్నెండోది, కెన్నీ హాగుడ్ పాడిన ‘డార్న్ దట్ డ్రీమ్’ని పక్కన పెట్టారు. 1970ల మొదట్లో అదీ చేర్చి ‘కంప్లీట్’ అని మళ్ళీ వేశారు.

1957లోనే ఎందుకు? అప్పటికి మైల్స్ కొలంబియా కంపెనీకి వెళ్ళిపోయాడు, పేరు మార్మోగుతోంది. పాత సరుకు ఉన్న కంపెనీకి ఇంతకన్నా మంచి అదను ఏముంటుంది? చల్లగా, తాపీగా సాగే జాజ్‌కి పెట్టిన ‘కూల్’ అన్న మాటకి కూడా అప్పటికే గిరాకీ వచ్చేసింది. మల్లిగన్ 1952లో లాస్ ఏంజెలెస్ వెళ్ళి ట్రంపెట్ వాయించే ఛెట్ బేకర్‌తో పియానో లేని క్వార్టెట్ (నలుగురి బృందం) పెట్టాడు, అది బాగా అమ్ముడుపోయింది. జాన్ లూయిస్ మోడర్న్ జాజ్ క్వార్టెట్‌తో సూట్లు వేసుకుని కచేరీ హాళ్ళకెక్కాడు. పిల్లలు, మనవలు పుట్టి స్థిరపడ్డాక తాతగారికి బారసాల చేసినట్టు, ఆ మనవళ్ళ ఇంటిపేరు తెచ్చి 1949 పాటలకి తగిలించారు. విచిత్రమేమిటంటే తాతగారు ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశాడు. 1954కల్లా మైల్స్ బ్లూస్ దట్టించిన వేడి వేడి హార్డ్ బాప్ వాయిస్తున్నాడు.

కాబట్టి ‘కూల్ ఇక్కడే పుట్టింది’ అన్న మాటని అట్ట మీది ప్రకటన లాగే తీసుకోండి. టెనర్ మీద లెస్టర్ యంగ్ 1930లలోనే అలా తేలిగ్గా వాయించేవాడు. పియానో వాయించే లెన్నీ ట్రిస్టానో బృందం ఇదే 1949లో, ఇదే క్యాపిటల్‌కి, ఇదే కోనిట్జ్‌ని పెట్టుకుని ఇంకా చల్లటి సంగీతం రికార్డు చేసింది. థార్న్‌హిల్ సంగతి ముందే చెప్పాను. అయినా ఈ సంకలనం లేకపోతే ఈ పన్నెండు పాటలూ సంగీతకారులు ఒకరికొకరు చెప్పుకునే రహస్యంగా మిగిలిపోయేవేమో. ప్లేట్లుగా అవి పెద్దగా అమ్ముడుపోలేదు. పక్కపక్కన పెట్టాకే జనానికి ‘ఇదొక పద్ధతి’ అని తెలిసింది. పేరు వ్యాపారులు పెట్టినా మేలు జరిగింది.

ఇబ్బంది వరసతోనే. ఎల్పీ మొదటి పక్క ‘మూవ్’, ‘జెరు’, ‘మూన్ డ్రీమ్స్’, ‘వీనస్ డి మైలో’, ‘బూడో’, ‘డిసెప్షన్’. రెండో పక్క ‘గాడ్‌చైల్డ్’, ‘బాప్లిసిటీ’, ‘రాకర్’, ‘ఇజ్రాయెల్’, ‘రూజ్’. అంటే రెండో పాట నుంచి మూడో పాటకి 1949 జనవరి నుంచి 1950 మార్చికి దూకుతారు, నాలుగో పాటకి 1949 ఏప్రిల్‌కి వెనక్కొస్తారు, ఐదుకి మళ్ళీ జనవరి. పియానో మారింది, డ్రమ్స్ మారాయి, ట్రాంబోన్ మారింది. చెవికి మాత్రం అదంతా ఒకే మెత్తటి గుడ్డలా తగులుతుంది. ఇష్టంగా వినడానికి ఆ వరస బాగానే ఉంటుంది, నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు. నా సలహా, ఫోన్‌లో మూడు ప్లేలిస్టులు చేసుకుని మూడు రోజులు మూడూ వేర్వేరుగా వినండి. ఒక్కోటి పదమూడు నిమిషాలకి మించదు, స్నానానికి నీళ్ళు కాగేలోపు అయిపోతుంది.

జనవరి సెషన్‌లో ముందు ‘గాడ్‌చైల్డ్’ పెట్టండి, ‘మూవ్’ కాదు. మొదట్లోనే రాగం అడుగు నుంచి, ట్యూబా, బారిటోన్‌లతో లేస్తుంది. మన పెళ్ళి బ్యాండులో మెడకి వేసుకునే పెద్ద బాకా గుర్తుందా? దాని పని ‘బొంయ్ బొంయ్’ అని తాళం వెయ్యడమే. ట్యూబాకి కూడా పాత జాజ్‌లో అదే ఉద్యోగం. ఇక్కడ బార్బర్ తాళం వెయ్యడు, పాట పాడతాడు. ఆ మూలస్తంభం కదలడం మొదలెట్టిందని ఒకసారి చెవికి అందిందా, తర్వాత అన్ని పాటల్లోనూ వద్దన్నా వినిపిస్తుంది. ‘మూవ్’లో వేగం, రోచ్ డ్రమ్స్ చూడండి. ‘జెరు’ మల్లిగన్‌ది, అది ఆయన ముద్దుపేరు కూడా. మామూలుగా ఇలాంటి పాట ఎనిమిదేసి గడుల (బార్‌ల) నాలుగు భాగాలుగా ఉంటుంది. దీంట్లో మూడో భాగం పన్నెండుకి సాగుతుంది, మధ్యలో కొన్ని గడులు నాలుగు దెబ్బలు కాక మూడు దెబ్బలవి. తాళం వేస్తూ వినండి, చెయ్యి తప్పుతుంది. చతురశ్రంలో వేసుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి తిశ్రం గుచ్చినట్టు. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి ఇది ఎక్కడ జరిగిందో నాకన్నా ముందే దొరుకుతుంది.

ఏప్రిల్ సెషన్ నా దృష్టిలో మూడింట్లోకీ గట్టిది. ‘బాప్లిసిటీ’ మీద రచయిత పేరు క్లియో హెన్రీ అని ఉంటుంది. అలాంటి సంగీతకారుడెవరూ లేడు, అది మైల్స్ తల్లి పేరు. రాసింది మైల్స్, ఎవాన్స్. దాన్లో మైల్స్ సోలో వినేటప్పుడు వెనక మిగతా గాలి వాద్యాలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడెళ్ళాయి అన్నది పట్టుకోవడానికి చూడండి. ‘ఇజ్రాయెల్’ కరీసీది, చూడ్డానికి వట్టి మైనర్ బ్లూస్, అంటే పన్నెండు గడుల మామూలు బ్లూస్ కట్టడమే, మైనర్ స్వరాల్లో. మామూలు బ్లూస్‌లో వాయించేవాడు ఎదర, వెనక తోడు. ఇందులో ఆరు గాలి వాద్యాలూ ఒకదాని మీదుగా ఒకటి పాక్కుంటూ పోతాయి. ఇంకో చిన్న సంగతి, దీనికి సరిగ్గా పదేళ్ళ తర్వాత, 1959 ఏప్రిల్ 22న, మైల్స్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అనే ఆల్బమ్‌కి రెండో సెషన్ చేశాడు. అది యాదృచ్ఛికమే. అయినా ఆ రెండూ ఒకేరోజు వినడం మా ఇంట్లో ఒక వ్రతం లాంటిది. మా ఆవిడ ఆ రోజు పక్కింటికి వెళ్ళిపోతుంది.

మార్చి సెషన్ కొంచెం ఎగుడుదిగుడు. ‘రాకర్’ హాయిగా ఉంటుంది. ‘డిసెప్షన్’ జార్జ్ షియరింగ్ రాసిన ‘కన్సెప్షన్’ని అటూ ఇటూ తిప్పి కట్టింది, పేరులోనే చమత్కారం. ‘డార్న్ దట్ డ్రీమ్’ గురించి నా మాట కటువుగానే ఉంటుంది, పాడినాయన తప్పేం లేదు గానీ ఈ బృందంలో గొంతుకి చోటు లేదు. నేను దీన్ని మొదట విన్నది అమెరికా నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ఎక్కించి ఇచ్చిన క్యాసెట్‌లో. ఆఖర్న హఠాత్తుగా ఒకాయన పాడేసరికి ఇంకేదో ఆల్బమ్ మిగిలిన టేపులో అంటుకుందనుకుని చాలా రోజులు అక్కడ ఆపేసేవాణ్ణి. 1957లో కంపెనీవాళ్ళు దాన్ని వదిలెయ్యడం సరైన పనే.

ఇక కొనడం. వినడం మొదలెట్టేవాళ్ళకి ‘కంప్లీట్ బర్త్ ఆఫ్ ది కూల్’ పేరుతో 1998లో వచ్చిన సీడీ సరిపోతుంది. 12 స్టూడియో పాటలతో పాటు 1948 సెప్టెంబరు రాయల్ రూస్ట్ ప్రసారాలు కూడా ఉంటాయి. స్ట్రీమింగ్‌లో కూడా ఇదే వెతకండి. ఆ ప్రసారాల్లో నాదం గరగరలాడుతుంది, అయినా వదలొద్దు. ప్లేటు గొడవ లేకపోతే ఈ పాటలు ఎంత కాళ్ళు చాపుకునేవో అక్కడ తెలుస్తుంది. స్టూడియో పాటలొక్కటే శుభ్రంగా కావాలంటే రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ మళ్ళీ మాస్టరింగ్ చేసిన 2001 సీడీ ఉంది. ఎల్పీనే కావాలంటే 2019లో బ్లూ నోట్ వేసిన రెండు ప్లేట్ల సెట్టు చూడండి.

పాత ఎల్పీ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇవన్నీ మోనో రికార్డింగులు. 1960లలో స్టీరియో మోజు పెరిగాక క్యాపిటల్ తన మోనో సరుకుని ‘డ్యూఫోనిక్’ అనే పద్ధతిలో కృత్రిమంగా రెండు ఛానళ్ళుగా చీల్చి అమ్మింది. అట్ట మీద ఆ మాట గానీ, మోనోని స్టీరియో చేశాం అన్న ప్రగల్భం గానీ కనిపిస్తే అక్కడే పెట్టి వచ్చెయ్యండి. ఒక పాత రికార్డుల దుకాణంలో ‘ఒరిజినల్ స్టీరియో’ అని చెప్పి నాకు అలాంటిదొకటి అంటగట్టారు. ఇంటికొచ్చి పెడితే ట్యూబా ఎడమ చెవిలో మొదలై ఎక్కడికో పోయింది. మోనోలో కష్టపడి కలిపిన మూడు అంతస్తుల్ని గోడ పగలగొట్టి విడదీసినట్టుంది.

అన్నీ అయ్యాక ‘మూన్ డ్రీమ్స్’ ఒక్కటి మళ్ళీ పెట్టుకోండి. ఎవాన్స్ అరేంజ్‌మెంట్, మొదట్లో మామూలు నెమ్మది పాటే. రెండో నిమిషం దాటాక ఆల్టో పైన ఒక స్వరం పట్టుకుని అలాగే నిలబడుతుంది, కింద మిగతావాళ్ళు ఒక్కొక్క అరస్వరం చొప్పున జారిపోతుంటారు. పాట అక్కడ పాట కావడం మానేస్తుంది. దాన్ని మాత్రం రాత్రిపూట ఫ్యాను ఆపేసి వినండి. ట్యూబా అడుగు స్వరం ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. అక్కడ ఆ స్వరం ఉందని కరెంటు పోయిన ఒక రాత్రి, బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో వింటుంటే గానీ నాకు తెలియలేదు.